భవానిని బయటికి పిలిచిన మనిషి

గరివిడి మైదానంలో డెక్లన్ నేర్పే ఆటను చూసి చుట్టుపక్కలవాళ్లు మొదట అదేదో బంతితో ఆడే కబడ్డీ అనుకున్నారు. అది రగ్బీ. డెక్లన్ ఒకప్పుడు ఐర్లండ్ జట్టుకు ఆడినవాడు. అక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన షీబాను పెళ్లాడి, ఆమె సొంత జిల్లాకు వచ్చి, ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నాడు.

వాళ్లలో దుర్గాభవానిది మెరుపు వేగం. బంతి చంకన పెట్టుకుని పరుగెత్తితే ఎవరికీ అందేది కాదు. రాష్ట్ర జట్టుకు ఎంపిక మ్యాచ్ ఆ మైదానంలోనే పెట్టారు. చోటు దొరికితే రైల్వేలో క్రీడల కోటా ఉద్యోగానికి దారి పడుతుందని తల్లి తవిటమ్మ ఆశ.

ఆట సగం దాటాక, బంతితో దూసుకొస్తున్న ఎదుటి పిల్లను భవాని పడగొట్టబోతే ఆ పిల్ల మోకాలు కణతకు తగిలింది. భవాని పడింది, లేచింది. లేచి, ఎదుటి జట్టు వరసలోకి వెళ్లి నిలబడింది. అంతలోనే పొరపాటు తెలిసి నవ్వుతూ వెనక్కి వచ్చింది.

డెక్లన్ ఆమెను బయటికి పిలిచేశాడు.

"నాకేటీ అవలేదు సార్! ఆడతాను."

"వద్దు. కూర్చో," అన్నాడు తనకొచ్చిన తెలుగులో.

"సెలక్షనోళ్లు అక్కడ కూసున్నారు. ఇప్పుడు బయటికొచ్చీస్తే నా పేరెవులు రాస్తారు?"

అతను మరో అమ్మాయిని లోపలికి పంపాడు. భవాని బూటు విప్పి అతని మీదికి విసిరింది. తవిటమ్మ మైదానం చుట్టూ కట్టిన తాడు దాటుకుని వచ్చింది.

"ఒరే తెల్లోడా! నా పిల్ల నోటికాడ కూడు తీసీసినావు కదరా! ఒసే షీబా, నువ్వైనా సెప్పవే నీ మొగుడికి!"

డెక్లన్ ఏమంటోందని అడిగాడు. బాధపడుతోందని చెప్పింది పక్కనే ఉన్న షీబా.

"అంత చిన్న మాటకు అంతసేపు పట్టదు," అన్నాడు డెక్లన్. తర్వాత భవానివైపు తిరిగి చెప్పాడు. షీబా తెలుగులో అందించింది.

"నాకూ ఇలాగే తగిలింది. బాగానే ఉన్నానన్నాను. అందరూ నమ్మారు. కాసేపటికి మళ్లీ తగిలింది. అదే నా చివరి ఆట. ఆరోజు మేం గెలిచామట, మా నాన్న చూడ్డానికి వచ్చాడట. నాకేదీ గుర్తులేదు."

భవాని కారుతున్న కన్నీళ్లు తుడుచుకోకుండానే అంది.

"నీ ఆట నువ్వు ఆడీసినావు. దేశానికి ఆడీసినావు. నీ బయ్యం తెచ్చి నా నెత్తిమీదెట్టకు."

ఎంపికైనవారిలో ఆమె లేదు. విజయనగరంలో తలకు స్కాన్ తీస్తే ఏ దోషమూ కనిపించలేదు. తవిటమ్మ ఆ ఫిల్మ్ తెచ్చి అతని ముఖం ముందు పట్టింది.

"సూడు. ఏటీ నేదు. ఇప్పుడేటంటావు?"

"మంచిది," అన్నాడు అతను నిజంగానే సంతోషిస్తూ. ఆ మాటకు ఆమెకు ఒళ్లు ఇంకా మండింది.

భవాని కొత్తవలసలో వేరే కోచ్ దగ్గర చేరింది. ఆమె వెనకే సగం జట్టు వెళ్లిపోయింది. మరుసటి ఏడాది ఎంపిక మ్యాచ్ అక్కడే జరిగితే డెక్లన్, షీబా చూడ్డానికి వెళ్లారు. భవాని నేరుగా అతని దగ్గరికి వచ్చింది.

"ఎందుకొచ్చినావు? మళ్లీ బయటికి పిలిసీడానికా?"

"దెబ్బ తగిలితే పిలుస్తాను."

"పిలిసి సూడు. నువ్విప్పుడు నాకేటీ కావు."

ఆమె ఆడింది. ఎంపికైంది. తవిటమ్మ అందరికీ లడ్డూలు పంచుతూ వచ్చి, షీబా చేతిలో ఒకటి పెట్టి, డెక్లన్‌ను దాటి పక్క మనిషి దగ్గరికి వెళ్లింది.