ముక్క మారిన రోజు

కుక్కలమ్మ ఎడమచేతికి మందపాటి గోనె తొడుగు బిగించుకుని నల్లకుక్కను వదిలింది. అది గాల్లోకి లేచి చెయ్యి కరిచిపట్టి ఆమెను రెండడుగులు ఈడ్చింది. అంతలోనే వదిలేసి కూలబడింది. ఆమె అందించిన ఎండు రొట్టెముక్కను వాసన చూసి మొహం తిప్పుకుంది.

గోదాములకు కాపలా కుక్కలను తయారుచేసే ఆ ఆవరణలో ఆమెది ఇరవై రెండేళ్ల కొలువు. పాత కాట్లకు మోచేతి కింద కండ గుంటలు గుంటలు పడింది. ఇంట్లో అన్నం వడ్డిస్తూ "ఆగు" అంటే, "నేను కుక్కని కాదే అమ్మా" అని కొడుకు నవ్వేవాడు. ఇన్నేళ్లలో ఆమె ఒక్క కుక్క మీదా చెయ్యెత్తలేదు. పట్టు బాగుంటే ఉడికించిన కార్జం ముక్క, అంతే. మొన్న వచ్చిన మేనేజరు దాన్ని ఆపించి ఎండు రొట్టె పెట్టమన్నాడు.

"మధ్యాహ్నం కొనేవాళ్లొస్తున్నారు. దీనికి ఒళ్లు బలిసిందా?" అన్నాడు మేనేజరు.

"బలిసి కాదు సార్. మొదట్నుంచీ రొట్టే పెట్టుంటే రొట్టెకే దూకేది. కార్జం రుచి మరిగాక నోటిదగ్గర లాగేసుకున్నాం."

"కడుపు మాడిస్తే అదే దూకుద్ది."

"మాడిస్తే తింటుంది సార్. పని చెయ్యదు."

అతను ఇనుపకడ్డీ తీసుకుని నల్లదాని వీపు మీద కొట్టాడు. రెండో దెబ్బ తగిలి వెనక కాలు ఎండుపుల్లలా విరిగింది. మూడోది పడేలోపే కుక్క అతన్ని వెల్లకిలా పడేసి గొంతు మీదికి పోయింది. కుక్కలమ్మ తొడుగు లేని కుడిచేతిని ఆ నోటికి అడ్డం పెట్టింది. పళ్లు ఎముకదాకా దిగాయి. ఆమె వాసన తెలిసిందేమో, దవడలు మెల్లగా సడలాయి. కిందినుంచే అతను కడ్డీతో దాని తలమీద మోదాడు. అది ఒరిగిపోయాక కూడా మోదుతూనే ఉన్నాడు.

ఆమె కడ్డీ లాక్కుని అతని మోకాలి మీద ఒక్కటే దెబ్బ వేసింది. ఎముక పటుక్కుమంది. అతని అరుపుకి అప్పటిదాకా మొరుగుతున్న బోనుల్లోని కుక్కలన్నీ నోరు మూసుకున్నాయి.

నల్లదాన్ని భుజాన వేసుకుని ఆమె బయటికి నడిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ కంగారుగా లేచాడు.

"ఆ చెయ్యేంటమ్మా, కట్టు కట్టించుకో!"

"ముందు దీన్ని పూడ్చొస్తాను తమ్ముడూ," అందామె.

మళ్లీ రాలేదు. కుక్కల వంటగది గట్టు మీద ఆమె మధ్యాహ్నానికి తెచ్చుకున్న టిఫిన్ డబ్బా, మూత మీద గుడ్డ ముడి కూడా విప్పకుండా, అలాగే ఉంది.