నాలుగు వందల పన్నెండు బొమ్మలు

సువర్ణ సొసైటీ ఆఫీసు తాళం తీస్తుండగానే తిప్పేస్వామి మెట్లెక్కి వచ్చాడు. ధర్మవరంలో నలభై ఏళ్లుగా మగ్గం నేస్తున్న మనిషి, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆ పొద్దు మాత్రం మెట్ల మీదనుంచే గట్టిగా పిలుస్తూ ఫోను ఆమె ముందుకు చాపాడు.

"చూడు సువర్ణమ్మా, ఈ అంచు ఎవురిది?"

ఫోటోలో ఒక అంగడి అద్దం వెనక చీర వేలాడుతోంది. అంచు నిండా చింతపూత, రెమ్మ రెమ్మకూ సన్నటి జరీ ఈనె. సువర్ణ చూడగానే గుర్తుపట్టింది. ఆ అంచు గీయడానికి తిప్పేస్వామికి రెండు నెలలు పట్టింది. ఆ చీర ఇంకా ఆయన మగ్గం మీద సగంలోనే ఉంది.

"నేను నేసేది కాకముందే వాళ్లది అంగట్లోకి వచ్చేసినాది. నా బొమ్మ యాడినుంచి పోయింది? ఈడినుంచే కదా?"

సువర్ణ ఆ నేత సొసైటీకి కార్యదర్శి. రెండేళ్ల కిందట సొసైటీకి వెబ్‌సైట్ పెట్టించింది ఆమే. నేసేవాళ్లు తమ డిజైన్ల బొమ్మలు అందులో దాచుకుంటారు, ఎవరి బొమ్మ వాళ్లకే కనబడుతుంది. బయటి వ్యాపారులకు అమ్మకానికి పెట్టిన చీరలు మాత్రమే కనబడతాయి. అందరి బొమ్మలూ చూసే వీలున్నది ఒక్క దేవేంద్రకే. ఆ బొమ్మల్ని కంప్యూటర్లో గళ్లలోకి మార్చి, మగ్గానికి కావలసిన చిల్లుల అట్టలు కొట్టించేది అతనే.

"ఆ దేవేంద్రగాడు తప్ప ఇంకెవురు?" అన్నాడు తిప్పేస్వామి.

దేవేంద్ర ఆమె పదేళ్లుగా చూస్తున్న మనిషి. అయినా సువర్ణ "కాదు" అనలేకపోయింది. అతను రాగానే సంగతి చెప్పి, అతని దగ్గరున్న ఆఫీసు తాళంచెవి ఇచ్చేయమంది.

"నువ్వు కూడా నమ్మినావా అక్కా?" అన్నాడతను. ఆమె తల దించుకుంది. తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

గురువారం జాయ్ వచ్చింది. పామిడి దగ్గర కూలికి పోయే ఇంట్లో పుట్టిన పిల్ల. అనంతపురంలో చదువుకుని, ఇలాంటి నాలుగైదు వెబ్‌సైట్లు రాసి తానే చూసుకుంటోంది. వారానికొక రోజు ధర్మవరం వస్తుంది. దేవేంద్ర కుర్చీ ఖాళీగా ఉండటం చూసి ఏమైందని అడిగింది. సువర్ణ చెప్పింది.

"సర్వర్లో చూసినారా అక్కా? ఎవురు ఏ పేజీ ఎప్పుడు తెరిచినారో అంతా ఆడ రాసుంటాది."

"మాకేం తెలుసమ్మా ఆ సంగతి?"

జాయ్ సంచి కింద పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు. సువర్ణ తెచ్చిన బొరుగులు అలాగే మెత్తబడిపోయాయి. చివరికి "అక్కా, ఇట్ల రా" అని పిలిచింది. ఆ పిలుపులోనే ఏదో తేడా ఉంది.

తెర మీద ఒకదాని కింద ఒకటిగా వరసలు. ఒక వ్యాపారి పేరున్న ఖాతా, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒకటో నంబరు బొమ్మ మొదలు నాలుగు వందల పన్నెండో బొమ్మ దాకా ఒక్కటీ వదలకుండా తెరిచింది. అంతా నలభై నిమిషాల పని.

"ఆయప్పకు చీరలే కదా కనపడాల్సింది? బొమ్మలెట్ల తెరిచినాడు?"

జాయ్ తన ఫోనులో ఒక మామూలు వ్యాపారి ఖాతాతో లోపలికి వెళ్లింది. పైన అడ్రసు గడిలో బొమ్మల పేజీ పేరు కొట్టి, చివర ఒక నంబరు పెట్టింది. తిప్పేస్వామి చింతపూత అంచు కళ్లముందు విచ్చుకుంది.

"లాగిన్ అయినావా అని మాత్రం అడుగుతాండాది. ఈ బొమ్మ నీదేనా అని అడగడంల్యా. ఆ ప్రశ్న రాయాల్సింది మర్చిపోయినారు."

"ఎవురు మర్చిపోయింది?"

"నేనే అక్కా. ఆ పేజీ రాసింది నేనే."

సువర్ణ లేచి తలుపు దగ్గరగా వేసింది. "గమ్మున సరిచేసెయ్ జాయ్. మిషన్లో ఏదో పోయింది, బాగుచేసినామని చెప్తాం. నీ పేరెందుకు?"

"మరి దేవేంద్రన్న?"

సువర్ణ వెళ్లి తలుపు మళ్లీ తెరిచింది.

జాయ్ ముందు బొమ్మల పేజీని పూర్తిగా మూసేసింది. పది నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. నా బొమ్మలేవి, పేజీ ఎందుకు తెరుచుకోవడం లేదు అని. సువర్ణ అందరికీ సాయంత్రం దాకా ఆగమని చెప్పుకుంటూ వచ్చింది. ఈలోగా జాయ్ ఆ మర్చిపోయిన ప్రశ్నను కోడ్‌లో చేర్చింది. ఏ బొమ్మ అడిగినా, అడిగినవాళ్లదేనా అని సర్వర్ ముందు సరిచూసుకుంటుంది, కాకపోతే ఇవ్వదు. అంతటితో ఆమె లేచిపోతుందనుకుంది సువర్ణ. ఆ పిల్ల లేవలేదు. ఇక్కడ మర్చిపోయినదాన్ని ఇంకెక్కడ మర్చిపోయానో అంటూ తాను రాసిన ప్రతి పేజీనీ మొదటి నుంచి చదివింది. ఆర్డర్ల పేజీలో ఒకటి, నేసేవాళ్ల ఇళ్ల అడ్రసులున్న పేజీలో ఒకటి, అలాంటి లోపాలే ఇంకో రెండు దొరికాయి. వాటినీ మూసింది. సర్వర్లో పాతబడిన సాఫ్ట్‌వేర్‌ను కూడా కొత్త భద్రతా సవరణలతో అప్‌డేట్ చేసింది.

"ఇప్పుడు నువ్వు దొంగవి అక్కా," అని ఫోను సువర్ణ చేతికిచ్చింది. "ఏ బొమ్మన్నా తెరువు చూద్దాం."

సువర్ణ మొదట మొహమాటపడింది. తర్వాత పట్టుదల వచ్చింది. నంబర్లు మార్చింది, పాత లింకులు వెతికి నొక్కింది, వేరేవాళ్ల పేర్లు కొట్టింది. ప్రతిసారీ ఒకటే జవాబు: "ఈ బొమ్మ చూసే అనుమతి మీకు లేదు." ముప్పయ్యోసారికి ఆమె నవ్వేసింది. జాయ్ మాత్రం నవ్వలేదు. ఇంకో నంబరు చెప్పి, అదీ చూడమంది.

వెళ్లేముందు దేవేంద్ర ఇల్లెక్కడని అడిగింది.

శనివారం సొసైటీ వాళ్లంతా సమావేశమయ్యారు. చాపల మీద నలభై మంది దాకా కూర్చున్నారు. జాయ్ లేచి నిలబడింది. ఏం జరిగిందో, ఎవరు తెరిచారో, ఎన్ని బొమ్మలు పోయాయో చెప్పింది. "తప్పు నాది. దేవేంద్రన్నకు దీంతో ఏ సంబంధమూ లేదు," అంది.

తిప్పేస్వామి అడిగాడు: "మళ్లా ఇట్ల కాదని ఏం నమ్మకం?"

"ఎప్పటికీ కాదని చెప్పలేను పెద్దాయనా. ఈ దోవ మాత్రం మూసినా. ఇంక నేను రాసింది ఇంకొకరు చూడకుండా పైకి పెట్టను. మీ బొమ్మ ఎవురు తెరిచినా మీ ఫోనుకు మెసేజ్ వస్తాది."

"పోయిన బొమ్మ?"

"దాన్ని వెనక్కి తేలేను."

ఆ మాటకు ఒకరిద్దరు గట్టిగా అరిచారు. ఆరుగురు తమ బొమ్మలన్నీ తీసేయమన్నారు. జాయ్ వాళ్లతో వాదించలేదు, అక్కడే కూర్చుని ఒక్కొక్కరివీ తీసేసి చూపించింది. వ్యాపారి ఖాతా ఆపేసి సొసైటీ పేరుతో నోటీసు పంపారు. దానికి జవాబు రాలేదు.

ఇరవై ఏళ్లలో ఆ ఆఫీసులో ఎన్నో తప్పులు జరగడం సువర్ణ చూసింది. అలా అందరి ముందూ నిలబడి నాదేనన్న మనిషిని మాత్రం చూడలేదు. అందులోనూ, ఎవరికీ తెలియకుండా దాటేసే వీలున్నప్పుడు. గమ్మున దాటేయమని చెప్పింది తనే కదా అని గుర్తొచ్చి ఆమెకు చెంపలు వేడెక్కాయి. ఆ సాయంత్రమే తాళంచెవి తీసుకుని దేవేంద్ర ఇంటికి వెళ్లింది.

"జాయ్ మొన్ననే వచ్చి పోయినాదక్కా," అన్నాడతను. "నా ఎదురుగా కూచుని శానాసేపు ఏడ్చినాది. నువ్వేంటికి ఇన్ని దినాలు రాలేదు?"

"సిగ్గయింది," అంది సువర్ణ. "తప్పయిపోయింది దేవేంద్రా."

అతను తాళంచెవి వెంటనే తీసుకోలేదు. రెండు రోజులు ఆలోచించుకుంటానన్నాడు. మంగళవారం పొద్దున వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

నెల తర్వాత తిప్పేస్వామి ఒక కాగితం చుట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు. సువర్ణ వైపు చూడకుండా నేరుగా దేవేంద్ర బల్ల దగ్గరికి వెళ్లి చుట్ట విప్పాడు. కొత్త కొంగు బొమ్మ, వేరుశెనగ తీగలు, నేలలోకి దిగే ఊడలతో సహా. దేవేంద్ర కాగితాన్ని సరిచేసి పట్టుకుని, "ఈ తీగ ఈడ ఇంకో రెండు గళ్లు జరిపితే బాగుంటాదన్నా," అన్నాడు.

తిప్పేస్వామి స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చున్నాడు. "జరుపు చూద్దాం," అన్నాడు.