నాగరత్నమ్మ చూపు

నేను ఒక దుర్భిణిని, రెండు కళ్లున్నదాన్ని. నాగరత్నమ్మ పోయిన రోజున నన్ను మేడ మెట్ల మీద పెట్టి మరిచిపోయారు. ఆ రోజుల్లో ఆకాశంలో మైరా కూడా లేదు.

మైరా తిమింగలం అనే చుక్కల గుంపులో ఒక ఎర్ర చుక్క. కొన్ని వారాలు మామూలు కంటికే కనిపించేంతగా వెలుగుతుంది. తర్వాత నెలల తరబడి తగ్గుతూ పోయి, చివరికి నాకూ అందదు.

నా అద్దాలను ఎక్కడో చలి దేశంలో అరగదీశారు. మొదటి యజమాని బెంగళూరులో నాతో గుర్రప్పందేలు చూశాడు. తన గుర్రం వెనకబడినప్పుడల్లా నన్నే తిట్టేవాడు. అక్కణ్ణుంచి పాత సామాన్ల అంగడికి, తర్వాత కదిరిలో లెక్కల మాస్టారు ఓబుళేసు ఇంటికి చేరాను.

చీకటి పడగానే మాస్టారూ, ఆయన భార్య నాగరత్నమ్మా మేడెక్కేవారు. మైరాను పక్కనున్న మారని చుక్కలతో పోల్చి, వెలుగు ఎంతో తేల్చేవారు.

"అట్ల గుడ్లప్పగించి చూడాకండి సారూ. ఎర్ర చుక్క చూసేకొద్దీ ఎక్కువ వెలిగినట్లుంటాది. ఇట్ల చూసి అట్ల తిప్పుకోవల్ల," అనేది నాగరత్నమ్మ.

"నిన్ను గూడా అట్లే చూడల్లనా?"

"నన్ను చూసింది చాల్లే గానీ, దీన్నెవురు తిప్పినారు మళ్లా?"

నా కుడి కంటికి ఒక వలయం ఉంది. ఎవరి చూపుకు తగ్గట్టు వారు దాన్ని తిప్పుకోవాలి. ఆమెకు కుదిరితే ఆయనకు మసక. కాపురమంతా అదే తగువు.

జబ్బు ముదిరాక ఒక సాయంత్రం ఆమెను కుర్చీతో పైకి తెచ్చారు. వలయం తిప్పుకుని చాలాసేపు వెతికింది.

"కనపడల్యా. మళ్లా వెలిగేటప్పటికి నేనుండను. మీరు చూసి, ఎంతుందో తేల్చల్ల."

"సరే," అన్నారు మాస్టారు.

మైరా మళ్లీ వెలిగింది. మాస్టారు నన్నెత్తి పట్టుకున్నారు. ఎడమ కంట్లో చుక్క నిలిచింది. కుడి కంట్లో నూనె మరకలా చెదిరింది. మాస్టారు కుడి కన్ను చికిలిస్తుంటే పక్క మేడ మీది ఖాజా సార్ చూశాడు.

"ఆ వలయం రవ్వంత తిప్పు సార్, కుదురుతాది."

"ఉండనీ ఖాజా."

నేను దూరాన్ని దగ్గర చేస్తానని మనుషులు నమ్ముతారు.

తిమింగలం పడమటికి వాలింది. మైరా తగ్గడం మొదలైంది. వలయం ఆమె వదిలిన చోటే ఉంది. వెలుగు ఎంతో మాస్టారు ఇంకా తేల్చలేదు.