తీగ లేని గది

ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళందరూ ఒకటే పని చేసేవారు. నోరు బార్లా తెరిచి హా అని ఊపిరి వదిలేవారు. మొహం ముందు తెల్లటి పొగ లేవగానే పిల్లల్లా నవ్వేవారు. బయట ఎండ నెత్తి మాడుస్తుంటే లోపల నోట్లోంచి పొగ. బ్యాంకువాళ్ళు వదిలారు, పేపరువాళ్ళు వదిలారు, కాలేజీ నుంచి బస్సు కట్టుకుని వచ్చిన విద్యార్థులు వరసలో నిలబడి మరీ వదిలారు. ఒక పెద్దమనిషైతే ఫొటోలో సరిగా పడలేదని మళ్ళీ తలుపు తీయించుకుని లోపలికెళ్ళి వదిలొచ్చాడు.

వాళ్ళకి ఆ సరదా నేర్పింది ఆ గది కట్టిన మనిషే. ఊళ్ళో అందరూ ఆమెని ఐసమ్మ అంటారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు, తర్వాత అదే పేరై కూర్చుంది. ఎవరొచ్చినా కాగితాలు చూపించడం కన్నా ముందు తలుపు తీసి, "ఒకసారి ఊపిరి వదలండి" అనేది. ఆ పొగ చూసినవాడు మళ్ళీ ప్రశ్న వేయడని ఆమెకి తెలుసు.

గది పెద్దదేం కాదు. తోటల మధ్య నుంచి పోయే తారురోడ్డు పక్కన, ఒక పాత గోడౌను ఆవరణలో ఉంటుంది. గోడలు మాత్రం కోటగోడలంత మందం. కిటుకంతా ఆ మందంలోనే ఉంది. లోపల ఉప్పునీటి సంచులు వరసలుగా వేలాడుతుంటాయి. పైకప్పు మీది సోలారు పలకలకి ఎండ తగిలినంతసేపూ మిషను తిరిగి ఆ సంచుల్ని గడ్డకట్టిస్తుంది. పొద్దుగూకితే మిషను ఆగిపోతుంది, ఆ గడ్డలే మెల్లగా కరుగుతూ మళ్ళీ పొద్దెక్కేదాకా గదిని కాస్తాయి.

మొదట్లో వీధి స్తంభం నుంచి మిషనుకి ఒక కరెంటు తీగ కూడా ఉండేది. ముసురు పట్టిన రోజుల్లో పనికొస్తుందని ఐసమ్మే వేయించింది. కిందటేడు ఏదో పోటీకి వెళ్ళి, స్టేజీ మీద గది బొమ్మ చూపిస్తుంటే, ముందు వరసలో కూర్చున్నాయన "ఆ తీగేమిటమ్మా" అన్నాడు.

"మబ్బు రోజుల కోసమండీ."

"అయితే సగం సోలారన్నమాట" అని ఆయన పక్కాయన వైపు తిరిగాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ కిసుక్కు ఆమె వెంట ఇంటిదాకా వచ్చింది. వచ్చిన వారంలోనే మనిషిని పిలిపించి తీగ పీకించేసింది. గోడ మీద మనిషెత్తు అక్షరాలతో రాయించింది: తీగ లేని చల్లగది.

అది చూసి ఆమె వదిన, అంటే సొంత అన్న భార్య, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఉన్నదాన్ని పీకేసి లేదని బోర్డు రాయించుకున్నది లోకంలో నువ్వొక్కదానివే ఆడపడుచూ" అంది.

"అది నీకర్థం కాదులే వదినా."

"అవునే. నాకర్థమయ్యేవి నువ్వెప్పుడు చేశావు గనక."

అలా అన్న వదినే ఈ యేడు తన ద్రాక్షతోట కాపంతా తెచ్చి ఆ గదిలో పెట్టింది. అన్ని తోటలూ ఒక్కసారే కోతకొస్తాయి కాబట్టి వ్యాపారి అప్పుడు చెప్పిందే ధర. నెలాగితే మార్కెట్లో పండు కనపడదు, అప్పుడు రైతు చెప్పిందే ధర. అన్న ససేమిరా ఒప్పుకోలేదు. చల్లగదులూ వద్దు, చిక్కులూ వద్దు, వ్యాపారికి తోలేద్దామన్నాడు. వదినే ఆయనతో పోట్లాడి, గుమ్మంలోకి వచ్చిన వ్యాపారిని నాలుగు మాటలని పంపేసి, పెట్టెలన్నీ ట్రాక్టరులో తెచ్చి దింపించింది.

"నీ పొగ చూసి పెట్టట్లేదు. నీ మొహం చూసి పెడుతున్నా" అంది ఐసమ్మతో.

*

సరిగ్గా ఫండు మేడమ్ వస్తానన్న వారంలోనే ముసురు పట్టింది.

ఫండు మేడమ్ అంటే ఇలాంటి కొత్త కంపెనీలు వెతికి పెట్టుబడి పెట్టే సంస్థకి పెద్ద. ఆవిడ తల ఊపితే ఇలాంటి గదులు ఇంకో యాభై ఊళ్ళలో లేస్తాయి. ఊపకపోతే ఉన్న ఈ ఒక్కటీ ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేం. కంపెనీలో పనివాళ్ళకి జీతాలు ఆలస్యమవుతున్న సంగతి ఐసమ్మకీ, ఆమె భాగస్వామికీ తప్ప బయటివాళ్ళకి తెలియదు.

ఆ భాగస్వామి ఆమెతో చదువుకున్నవాడే. ఏ సంగతైనా గీతలు గీసి చెబుతాడని గ్రాఫు అని పేరు పడింది. పెళ్ళిచూపుల్లో కూడా గ్రాఫు గీశాడని స్నేహితులు ఏడిపిస్తారు గానీ అది నిజం కాదు.

మేడమ్ రావాల్సిన రోజు పొద్దున్నే గ్రాఫు ఫోను పట్టుకొచ్చి ఐసమ్మ మొహం ముందు పెట్టాడు. గది లోపలి వేడి చూపే గీత, నాలుగు రోజులుగా పాకుతూ పైకి వస్తోంది.

"సంచుల్లో గడ్డ అయిపోవచ్చింది. తలుపు తీయకుండా ఉంటే రేపటిదాకా లాగుతుంది. తీశామంటే లేదు" అన్నాడు.

"ఆవిడ తలుపు తీయమంటుంది. వీడియోలో పొగ చూసే వస్తోంది."

"తెలుసు. అందుకే వెనకాల ఒకటి దింపించా, చూడు."

గది వెనక, టార్పాలిన్ కింద అద్దె జనరేటరు ఉంది. డీజిలు వాసన అప్పుడే కొడుతోంది.

"ఇప్పుడే వేద్దాం. ఆవిడ కారు రోడ్డెక్కిందని ఫోను రాగానే ఆపేద్దాం. ఆవిడకి పొగ కనపడుతుంది, మీ వదిన పళ్ళూ దక్కుతాయి" అన్నాడు గ్రాఫు.

ఐసమ్మ టార్పాలిన్ వైపు చూసి మొహం తిప్పుకుంది. "డీజిలు పొగ పెట్టి ఊపిరి పొగ చూపిస్తామా? రేపు ఆ సంగతి బయటపడితే తల ఎక్కడ పెట్టుకోవాలి? వద్దు. ఆవిడ వెళ్ళాక వేసుకుందాం."

"అయితే ఆవిడకి నిజం చెప్పు. ముసురు పట్టింది, గది నిండా సరుకుంది, ఇవాళ తలుపు తీయలేమను."

ఆమె తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"బయట గాలి ఎలా ఉందో చూశావా? తడిగుడ్డ పిండినట్టుంది" అన్నాడు గ్రాఫు. "తలుపు తీస్తే ఆ తడంతా పోయి చల్లటి పళ్ళ మీద కూర్చుంటుంది. ఒకసారి పండుకి చెమట పట్టిందంటే తర్వాత ఎంత చల్లబెట్టినా నిలవ ఉండదు. బూజే. నీకు నేను చెప్పాలా?"

"చెప్పక్కర్లేదు. ఒక్కసారి తీసి మూసేస్తాను. ఒక్క నిమిషం."

అబద్ధం ఆడనన్న మాట మీద ఆమె గట్టిగానే నిలబడింది. నిజం చెప్పే ధైర్యం మాత్రం కూడగట్టుకోలేదు. ఈ రెంటికీ మధ్య ఎంత జాగా ఉంటుందో ఆ పొద్దున ఆమెకి తట్టలేదు.

*

ఫండు మేడమ్ మంచి మనిషే. కారు దిగుతూనే బురదలో చెప్పులు కూరుకుపోతే తనే నవ్వింది. ఇచ్చిన టీ తాగింది. గ్రాఫు గీతలన్నీ ఓపిగ్గా చూసింది. ఆఖరున ఫోను అతని చేతిలో పెట్టి, "గ్రాఫులు మా ఆఫీసులో గోడల నిండా ఉన్నాయి. నాకు పొగ కావాలి" అంది.

ఐసమ్మ నవ్వింది. ఆ నవ్వు మొహానికి అతికించినట్టుంది. తలుపు గడియ లాగింది.

మేడమ్ లోపలికెళ్ళింది. వెంట ఇద్దరు ఉద్యోగులు, ఒక ఫొటోగ్రాఫరు. మేడమ్ నోరు తెరిచి హా అంది. పొగ రాలేదు. ఇంకోసారి గట్టిగా వదిలింది. ఏదో పలచగా కదిలినట్టయి కలిసిపోయింది.

"కొంచెం లోపలికి రండి, అక్కడ బావుంటుంది" అన్నాడు గ్రాఫు. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

అందరూ లోపలికి జరిగారు. పెట్టెల మధ్య నిలబడి ఒకరి తర్వాత ఒకరు ఊపిరులు వదిలారు. ఫొటోగ్రాఫరు వెలుతురు చాలదన్నాడు. తలుపు పూర్తిగా తెరవమన్నాడు. ఐసమ్మ చెయ్యి తలుపు మీదే ఉంది. మూసేస్తాను అనుకున్న ఒక్క నిమిషం ఎప్పుడో గడిచిపోయింది. ఇప్పుడు మూస్తే ఏమనుకుంటారో, ఇంకొక్క ఫొటో, ఇంకొక్కటి అనుకుంటూ నిలబడిపోయింది. బయటి గాలి ఆమె మెడ పక్క నుంచి వెచ్చగా, తడిగా, లోపలికి పోతూనే ఉంది.

అప్పుడొచ్చింది వదిన. వాన తగ్గిందని తోట నుంచి నడిచి వచ్చినట్టుంది, కాళ్ళకి మోకాళ్ళదాకా బురద. తెరిచి ఉన్న తలుపు చూసింది. లోపల గుంపు చూసింది. ఎవరినీ ఏమీ అనకుండా తలుపు దగ్గరున్న పెట్టె మూత ఎత్తి, ఒక గుత్తి చేతిలోకి తీసుకుంది. పండు పండుకీ నీటిపొర. వేలితో తుడిచింది. తుడిచినచోట మళ్ళీ పట్టింది.

ఐసమ్మ తలుపు మీంచి చెయ్యి తీసేసింది.

"ఈ పళ్ళు మీవేనా అమ్మా?" అంది మేడమ్ సంతోషంగా. "మంచిదైంది, మీలాంటివాళ్ళతోనే మాట్లాడాలనుకున్నా. చెప్పండి, గది ఎలా ఉంది?"

వదిన గుత్తిని మెల్లగా పెట్టెలో పెట్టింది. ఆమె నోరు ఎలాంటిదో ఊళ్ళో అందరికీ తెలుసు. ఐసమ్మ కళ్ళు దించుకుని ఆ మాటల కోసం కాచుకుంది.

"మా ఆడపడుచు కట్టిందండీ. గట్టిగా కట్టింది" అంది వదిన.

ఆ మాట తిట్టు కన్నా లోతుగా దిగింది.

"వచ్చే యేడు కూడా ఇందులోనే పెడతారా?"

వదిన చేతి తడి నడుముకి తుడుచుకుని, ఐసమ్మ వైపు తిరిగింది. "అది నన్ను అడక్కండి, దాన్నడగండి. అది పెట్టమంటే పెడతాను. ఏమ్మా, పెట్టమంటావా?"

గదిలో అందరూ ఐసమ్మ వైపు చూశారు. గ్రాఫు మాత్రం నేల చూపులు చూస్తున్నాడు.

అవును అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ అవును కోసమే ఇన్నేళ్ళు అద్దె గదుల్లో చాపల మీద పడుకుంది, పెళ్ళి వాయిదా వేసింది, అన్నతో మాట పడింది.

"వద్దు వదినా" అంది ఐసమ్మ. అందరికీ వినపడేలా మళ్ళీ అంది. "వద్దు. ఈ గోడకి మళ్ళీ తీగ వేయించేదాకా పెట్టొద్దు. నాలుగు రోజులు ముసురు పడితే ఈ గది తట్టుకోలేదు. ఇవాళ తలుపు తీయకూడదని నాకు తెలుసు. తెలిసే తీశాను."

మేడమ్ ఆమె మొహంలోకి చూస్తూనే గుమ్మం దాకా నడిచి వచ్చి, అక్కడే ఆగిపోయింది. ఏదో అడగబోయి ఆలోచనలో పడింది.

"అమ్మా" అంది వదిన మర్యాదగా. "ఉంటే లోపలుండండి, లేదా బయటుండండి. తలుపులో మాత్రం వద్దు."

మేడమ్ బయటికొచ్చింది. మిగతావాళ్ళూ వచ్చారు. వదిన తలుపు లాగి గడియ వేసింది.

"గ్రాఫూ, జనరేటరు వెయ్యి" అంది ఐసమ్మ.

"ఇప్పుడా? ఆవిడ..."

"ఇప్పుడే."

టార్పాలిన్ లాగేశాడు. నల్లటి పొగ కక్కి జనరేటరు మొరగడం మొదలుపెట్టింది. ఫొటోగ్రాఫరు అలవాటు కొద్దీ కెమెరా ఎత్తాడు. గది, గోడ మీది పెద్ద అక్షరాలు, వాటి పక్కన నల్లటి పొగ, అన్నీ ఒకే ఫొటోలో పడి ఉంటాయి. మేడమ్ వద్దనలేదు.

"ఆ తీగ ఎందుకు తీశారు?" అని మాత్రం అడిగింది, చప్పుడులో గొంతు పెంచి.

"మీలాంటివాళ్ళు సగం సోలారని నవ్వుతారని."

మేడమ్ నవ్వలేదు. కోప్పడనూ లేదు. "మా కమిటీకి ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి" అని కారెక్కింది. ఆ మాటకి ఏం అర్థం చెప్పుకోవాలో గ్రాఫు ఎన్ని గీతలు గీసినా తేలలేదు.

*

తలుపు దగ్గరి వరసల్లో పెట్టెలన్నిటికీ చెమట పట్టింది. వెనక వరసలు పొడిగానే ఉన్నాయి. తడిసినవి ఇక నిలవకి పనికిరావు, ఇవాళో రేపో తినేవాళ్ళ చేతికి చేరాలి. వదినా ఆడపడుచులు ఒక్కో పెట్టే బయటికి మోసి గోడౌను చావిట్లో పేర్చారు. తలుపు తీయడం, మూయడం గ్రాఫు చూసుకున్నాడు. అంత వేగంగా అతను ఏ పనీ చేయగా ఎవరూ చూడలేదు.

ఆఖరి పెట్టె దించాక వదిన ఫోను తీసి దూరంగా జరిగింది. జనరేటరు చప్పుడుకి గట్టిగా మాట్లాడక తప్పలేదు.

"ఆ, నేనేనండీ... లేదు, కోపం నాకెందుకుంటుంది... లారీ పంపించండి. సాయంత్రంలోగా రావాలి... మీరన్న రేటుకేనండీ. అవును, అదే రేటు."

గుమ్మం నుంచి పంపేసిన వ్యాపారి. ఇంటికెళితే అన్న ఏమంటాడో కూడా ఐసమ్మకి ఆ గొంతులో వినపడింది.

"వదినా" అంది.

"ఏంటి."

"పొద్దున్నే ఇది వేద్దామని గ్రాఫు అన్నాడు. నేనే వద్దన్నాను. తీగ లేదని రాసుకుని డీజిలు వాడితే నామోషీ అని."

వదిన గోడ మీది రాత వైపు చూసింది. "నీ గది ఏం తాగి చల్లబడిందో నాకెందుకే. నా పళ్ళకి చల్లగా ఉంటే చాలనుకుని తెచ్చాను."

కాసేపు ఇద్దరూ పెట్టెల మీదే కూర్చున్నారు.

"వెనక వరసలు?" అంది ఐసమ్మ చివరికి. "అవీ పంపించెయ్యమంటావా?"

వదిన గడియ వేసిన తలుపు వైపు చూసింది. "ఉండనీ" అంది. "ఇవాళ ఆవిడ ముందు నువ్వు పెట్టమన్నట్టయితే అవీ లారీ ఎక్కించేసేదాన్ని."

ఐసమ్మ లేచి, వెనక వరసలు చూసి రావడానికి గదిలోకి దూరింది. లోపల చలి మళ్ళీ దిగుతోంది. పెట్టె మీద వంగి మూత ఎత్తబోతుంటే నోట్లోంచి సన్నగా, తెల్లగా పొగ వచ్చింది. చప్పున నోరు మూసుకుంది. ఆ కాస్త తడి కూడా పళ్ళ మీద పడకుండా పక్కకి తిరిగి, ముక్కుతో మెల్లగా ఊపిరి పీల్చుకుంటూ నిలబడింది.

"తలుపు వెయ్యి" అంది వదిన బయటి నుంచి.