బాలయ్య డబ్బా

వనపర్తిలోని కంప్యూటర్ దుకాణంలో కూర్చున్నంతసేపూ కృష్ణయ్య చేయి చొక్కా జేబు మీదే ఉంది. జేబులో పెన్‌డ్రైవ్, అందులో తండ్రి నాటి నుంచి నేస్తున్న చీరల అంచు డిజైన్లు. గద్వాలలో వాటిని కంప్యూటర్లో గీసి, మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టించి ఇచ్చే బాలయ్య చూపు ఆనక పని మానేశాడు. ఇకమీదట ఆ పని తానే చేస్తానంది కూతురు మమత. కొత్త పడుగుకు పట్టు కొనాలని దాచిన ముప్పై ఆరు వేలతో బయల్దేరారు.

దుకాణదారు మూడు ల్యాప్‌టాప్‌లు ముందు పెట్టాడు. ఆపిల్ ల్యాప్‌టాప్ పెళ్లికొడుకులా మెరిసింది. ధర వినగానే కృష్ణయ్యకు దాహం వేసింది.

"మన డిజైన్ సాఫ్ట్‌వేర్ దాంట్ల ఎక్కదు నాన్నా. ఈ చౌక క్రోమ్‌బుక్‌ల గూడ ఎక్కదు. విండోస్‌లనే ఎక్కుతది" అంది మమత.

మూడోది విండోస్, ముప్పై అయిదు వేలు. కొనేముందు చూద్దామని మమత అందులో సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. 'లాక్ పెట్టండి' అని తెర మొరాయించింది. ఆమె సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసి, ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"బాలయ్య తాత కంప్యూటర్ డబ్బా ఎనక చిన్న పుల్ల లెక్క ఉంటది సూడు, అదే లాక్. అది లేకుంటే మన డిజైన్లు తెరుసుకోవు. కొత్త లాక్ లక్షంట."

కృష్ణయ్య కుర్చీలోంచి లేచాడు. ఆ డబ్బాను ఎనిమిది వేలకు తీసుకొమ్మని బాలయ్య పోయిన వారమే అడిగాడు. "పాత ఇనుముకు గంత ఎవరిస్తరు మామా" అని తనే నవ్వాడు. అయితే శుక్రవారం పాత సామాన్ల బండికి వేస్తానన్నాడు ముసలాయన. ఇవాళ శుక్రవారం.

ల్యాప్‌టాప్ కొనకుండానే ఇద్దరూ బస్సెక్కారు. బాలయ్య ఫోన్ ఎత్తలేదు. బస్సు కృష్ణా నది దాటేలోపు కృష్ణయ్య పదిసార్లు చేశాడు. తన నోటిని తనే తిట్టుకున్నాడు.

వాళ్లు గద్వాలలో బాలయ్య ఇంటి సందు తిరిగేసరికి డబ్బా పాత సామాన్లవాడి తక్కెడలో ఉంది. కృష్ణయ్య ఉరికి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. మమత వెనక తడిమి చూసింది. లాక్ ఉంది.

"మామా, నువ్వడిగిన ఎనిమిది వేలు ఇస్త. డబ్బా నాకియ్యి."

"ఇనుము ధరే ఇయ్యి అల్లుడా. ఇనుమంటివి గద."

బాలయ్య చెయ్యి గాలిలో వెతికి, డబ్బా మీద ఆగింది.

"పదేండ్లు దీన్ని సూసి సూసే నా కండ్లు పోయినయి. నేనడిగింది గా కండ్ల ధర."

కృష్ణయ్య నోట్లు తీశాడు. ఎనిమిది వేల దగ్గర ఆపాలో, ఇంకా లెక్కపెట్టాలో తెలియక నిలబడిపోయాడు.