రోజుకి రెండే

నాన్నకి జోకు కంటే ముందే నవ్వు వచ్చేది. కమెడియన్ ఇంకా నోరు తెరవకముందే, అతని కనుబొమ్మ కాస్త పైకి లేవగానే, నాన్న భుజాలు ఊగడం మొదలయ్యేవి. నలభైసార్లు చూసిన సీనైనా అంతే. నేను టీవీ కంటే నాన్ననే ఎక్కువ చూసేదాన్ని.

మిగతా వేళల్లో మా నాన్న బుల్లబ్బాయి నవ్వే మనిషి కాదు. వేటకి వెళితే ఎనిమిది రోజులు సముద్రంలో ఉంటాడు, తిరిగొచ్చాక రెండు రోజులు నిద్రపోతాడు. మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ కామెడీ గురించినవే. పెళ్ళివిందు స్కిట్టు మళ్ళీ వేశారా అని అడిగేవాడు. రాజమండ్రి కుర్రాడు కొత్తగా ఏమైనా చెప్పాడా అని అడిగేవాడు. ఆ కుర్రాడు స్టేజీ మీద ఒక్కడే నిలబడి వాళ్ళమ్మ గురించీ ట్యూషన్ మాస్టారి గురించీ చెప్పి నవ్విస్తాడు. అతన్ని నాన్నకి చూపించింది నేనే. మొదటిసారి చూసినప్పుడు, ఏ వేషమూ లేకుండా ఇంతమందిని ఎలా నవ్విస్తున్నాడే అని నాన్న చాలాసేపు ఆశ్చర్యపోయాడు.

అమ్మ వీరవేణికి ఇదంతా గిట్టదు. మగవాళ్ళు సముద్రంలో ఉండగా ఇంట్లో నవ్విన శబ్దం గుమ్మం దాటకూడదని అమ్మమ్మ నాటి నుంచీ మా ఇంట్లో పట్టింపు. బోటు ఏటి మొగ దాటి సముద్రంలోకి వెళ్ళిన దగ్గర్నుంచి తిరిగి రేవుకి చేరేదాకా మా టీవీకి సౌండు ఉండదు. చిన్నప్పటి నుంచీ నేను కామెడీ అంతా మూగగా చూశాను. పెదాలు చూసి మాట పట్టుకోవడం, చప్పుడు లేకుండా నవ్వడం అలాగే అలవాటయ్యాయి. బళ్ళో టీచర్లు నన్ను నెమ్మదస్తురాలు అనేవారు.

సముద్రంలో సిగ్నల్ అందదు. అందుకని ప్రతి వేటకీ ముందు నాన్న ఫోన్లో కామెడీ వీడియోలు ఎక్కించడం నా పని. ఎనిమిది రోజులకి పదహారు. సాయంత్రం వల వేశాక బోటులో నలుగురూ ఆ ఒక్క ఫోన్ చుట్టూ చేరేవారు, మిగతా ముగ్గురివీ బటన్ ఫోన్లు కాబట్టి. ఇంకొకటి పెట్టమని ఎంత బతిమాలినా నాన్న పెట్టేవాడు కాదట. "రోజుకి రెండే" అనేవాడట. ఆఖరి రోజుకి కూడా నవ్వడానికి ఏదో ఒకటి మిగలాలని ఆయన పద్ధతి. ఇది మాకు చెప్పింది సత్తిరాజు బాబాయ్. నాన్నకి పినతల్లి కొడుకు, అదే బోటులో పనిచేస్తాడు, మా పక్కిల్లే. ఆయన నవ్వితే పేట చివరిదాకా వినపడేది.

ఈ కార్తీకంలో నాన్న పెళ్ళివిందు స్కిట్టు పూర్తిగా కావాలన్నాడు. బాబాయ్ అడిగాడట. అది పెద్ద వీడియో. ఫోన్లో చోటు లేదు. ఫొటోలు తీసేస్తే అమ్మ ఊరుకోదు. వాడని యాప్‌లు ఏమున్నాయా అని వెతికితే నీలం బొమ్మతో, ఇంగ్లిషు పేరుతో ఒకటి కనిపించింది. తెరిచి చూశాను. ఖాళీ తెర మీద 'నాట్ కనెక్టెడ్' అని ఉంది. ఎప్పుడో దానంతటది వచ్చి చేరి ఉంటుందనుకున్నాను. నాన్నని అడుగుదామంటే నిద్రపోతున్నాడు. తీసేశాను. స్కిట్టు సరిగ్గా పట్టింది.

బోటు వెళ్ళిన నాలుగో రోజు వాయుగుండం పట్టింది. మర్నాటికల్లా అన్ని బోట్లూ తిరిగొచ్చాయి, కొన్ని మా రేవుకి, కొన్ని కాకినాడకి. మాది రాలేదు. మావాళ్ళు అందరికంటే లోతుకి వెళ్ళారని, వైర్‌లెస్‌లో ఎంత పిలిచినా పలకలేదని వచ్చినవాళ్ళు చెప్పారు.

ఏడో రోజు రేవు దగ్గర షామియానా వేశారు. నాలుగు కుటుంబాల ఆడవాళ్ళం చాప మీద కూర్చున్నాం. సత్తిరాజు బాబాయ్ భార్య బేబీ పిన్ని నా పక్కనే ఉంది. చాప అంచు నుంచి ఒక్కొక్క పుల్ల లాగి ఒళ్ళో పెట్టుకుంటోంది. బోటులో మంచినీళ్ళు ఎనిమిది రోజులకే పట్టుకెళతారని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మత్స్యశాఖ నుంచి జానకిరామ్ గారు వచ్చారు. మాకు ధైర్యం చెప్పడానికే అన్నారు ఆ మాట.

"మీవాళ్ళకి హెచ్చరిక ముందే అందుంటుందండి. బోటులో మేమిచ్చిన చిన్న పెట్టె ఉంది కదా, దానికి సిగ్నల్‌తో పనిలేదు, ఉపగ్రహం నుంచి తీసుకుంటుంది. తీసుకుని ఫోన్లో యాప్‌కి పంపుతుంది. బుల్లబ్బాయి గారి ఫోన్లో నేనే ఎక్కించాను, నీలం రంగుది. అది చూడగానే వల కోసేసి ఒడ్డు వైపు తిరిగుంటారు. అందుకే మొగకీ కాకినాడకీ మధ్యే గాలిస్తున్నాం."

ఇంట్లో ఉన్నప్పుడు ఆ యాప్ ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు అర్థమైంది. పెట్టె బోటులో ఉంటుంది. ఫోన్ బోటు ఎక్కితేనే అది పనిచేస్తుంది.

ఆ పూటంతా నేను నోరు విప్పలేదు. చెప్పాలనే అనుకున్నాను. లేచి నిలబడ్డాను కూడా. బేబీ పిన్ని తల తిప్పి చూసేసరికి మళ్ళీ కూర్చున్నాను. ఎలాగూ దొరుకుతారు, దొరికాక చెప్పినా ఒకటే అని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రానికి వెతకడానికి వెళ్ళిన బోట్లు వట్టి చేతులతో తిరిగొచ్చాయి. ఇంటికి వెళ్ళాక నా ఫోన్లో ఉన్న ఆ పదహారు వీడియోల జాబితా చూస్తూ కూర్చున్నాను. ఏడో రోజు రెండూ అయిపోయుంటాయి. ఇంక రెండే మిగులుతాయి.

ఎనిమిదో రోజు పొద్దున్నే షామియానా కింద జానకిరామ్ గారి బల్ల ముందుకి వెళ్ళాను. అమ్మ, పిన్ని, మిగతా ఇళ్ళవాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు.

"ఆ యాప్ ఫోన్లో లేదండి. నేను తీసేశాను."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. "ఎందుకు తీశావమ్మా?"

"కామెడీ పట్టలేదండి."

అమ్మ నా వంక చూడలేదు, నేల వంక చూసింది. పిన్ని చేతిలోని పుల్ల కింద పెట్టింది. జానకిరామ్ గారు నన్ను ఒక్కమాట కూడా అనకుండా మ్యాపు లాక్కున్నారు. ఏ రోజు తీశావు, ఇంకెవరి ఫోన్లోనైనా ఉందా అని రెండే ప్రశ్నలు అడిగారు. హెచ్చరిక అందకపోతే వాళ్ళు వెనక్కి తిరగలేదు, వల నీళ్ళలో ఉండగానే గాలి పట్టుకుంది, ఇది ఈశాన్యం గాలి, అయితే దక్షిణానికి కొట్టుకుపోయుంటారు అని తనలో తనే అనుకున్నట్టు పైకి అన్నారు. వేలు కాకినాడ మీద నుంచి జరుగుతూ జరుగుతూ బందరు దాటి ఆగింది. ఫోన్ తీసుకుని దూరంగా వెళ్ళిపోయారు. నిన్ననే చెప్పుంటే ఆ వేలు నిన్ననే అక్కడికి జరిగేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం దొరికారు. ఇంజన్ చెడి, ఆయన చూపించిన వైపే. ముగ్గురు.

సత్తిరాజు బాబాయ్ నాలుగో రోజే, వల లాగుతుండగా అలకి కొట్టుకుపోయాడు.

బందరు ఆసుపత్రిలో నాన్న చేతికి సెలైన్ ఉంది. పెదాలు పగిలి నల్లబడ్డాయి. అమ్మ నీళ్ళకోసం బయటికి వెళ్ళేదాకా ఆగి నన్ను దగ్గరకి రమ్మన్నాడు.

"గాలి లేచాక యాప్ కోసం చూశానమ్మా. లేదు. ఫోన్ సముద్రంలో పారేశాను. పడిపోయిందని చెప్పాను బోటులో వాళ్ళకి. నువ్వు ఎవరితో అనకు."

"చెప్పేశాను నాన్నా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"గాలి లేచే ముందురోజు సాయంత్రం పెళ్ళివిందు పెట్టాను," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "సత్తి ఇంకొక్కసారి పెట్టమన్నాడు. రోజుకి రెండే అన్నాను."

మేం ఇంటికొచ్చి రెండు వారాలైంది. బాబాయ్ దొరకలేదు. పేటలో మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. మా గుమ్మంలోకి ఎవరూ రాలేదు కూడా. నాన్న గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. టీవీ మీద అమ్మ గుడ్డ కప్పింది.

నిన్న మధ్యాహ్నం బేబీ పిన్ని వచ్చింది. అమ్మ లేచి పీట తెచ్చింది. పిన్ని కూర్చోలేదు. నా దగ్గరికి వచ్చి నేల మీద చతికిలబడింది.

"నిన్ను తిట్టడానికి రాలేదు. తిట్టే ఓపిక లేదు నాకు. ఆయన ఆఖరున చూసింది నీ దగ్గర ఉందా?"

ఉందని తలూపాను. ఫోన్లో తీసి మా ఇద్దరి మధ్యా పట్టుకున్నాను. నాకు తెలియకుండానే నా బొటనవేలు సౌండు తీసేసింది.

విందులో కొత్తల్లుడు చాలు చాలంటున్నాడు. అత్తగారు వినడం లేదు. అతను విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆవిడ బూరెలు ఆ చేతుల మీదే వడ్డించింది. బాబాయ్ ఏ పెళ్ళికి వెళ్ళినా ఇలాగే చేతులు అడ్డం పెట్టి పిన్నిని నవ్వించేవాడు.

పిన్ని తెర మీంచి కళ్ళు తీయలేదు. "సౌండు పెట్టమ్మా."

నేను అమ్మ వంక చూశాను. బాబాయ్ ఇంకా సముద్రంలోనే ఉన్నాడు. మా ఇంటి పట్టింపు ప్రకారం ఇప్పుడు ఏ నవ్వూ గుమ్మం దాటకూడదు. అమ్మ పీట పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"ఆయన ఎక్కడెక్కడ నవ్వుంటాడో వింటే నాకు తెలుస్తుంది," అంది పిన్ని. "పెట్టు."

పెంచాను. అత్తగారి గొంతు, వెనకాల జనం నవ్వులు ఇల్లంతా నిండాయి. లోపల గదిలో నాన్న మంచం కిర్రుమంది. అమ్మ వచ్చి వీధి తలుపు మూస్తుందనుకున్నాను. మూయలేదు.