నందీశ్ దొంగైన శనివారం

మా సంఘం గదిలో నిలబడి నందీశ్ దొంగల గురించి చెప్పడం మొదలుపెట్టి అప్పటికి ముప్పావు గంట అయింది. వియత్నాంలో మోటారుసైకిల్ మీద వచ్చి చేతిలో ఫోను ఎలా లాక్కుపోతారో, చీర మీద ఏదో పోసి, తుడుస్తున్నట్టు నటిస్తూ సంచి ఎలా కొట్టేస్తారో వీడియోలు చూపించి మరీ చెబుతున్నాడు. ఆ దేశంలో కోట్ల మంది మంచివాళ్లు ఉండే ఉంటారు. నందీశ్ ఫోనులో మాత్రం దొంగలు తప్ప ఇంకెవరూ లేరు.

నా పేరు నేత్రావతి. తిరుమణి మహిళా సంఘానికి కార్యదర్శిని. నాకు కోపం త్వరగా వస్తుందని ఊళ్లో అంటారు. అది అబద్ధం. కోపం నాలో ఎప్పుడూ ఉంటుంది, అప్పుడప్పుడు బయటికి వస్తుంది, అంతే.

మేం పదిమందిమి సోలార్ పార్కులో ఎండతో కరెంటు పుట్టించే ప్లేట్లు కడుగుతాం, వాటి కింద మొలిచే గడ్డి కోస్తాం. రెండేళ్లు అనుకుని అనుకుని ఐదు రోజుల వియత్నాం ప్రయాణం కుదుర్చుకున్నాం. పాస్‌పోర్టులు కూడా వచ్చేశాయి. పది మంది ఉంటేనే టికెట్లని, ఒక్కరు తగ్గినా ప్రయాణం లేదని పావగడ ట్రావెల్స్ ఆయన ముందే చెప్పాడు.

ఇదంతా భాగీరథక్క మొదలుపెట్టిన పని. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. ఈ ప్లేట్లు రాకముందు ఇదే నేల మీద నూటిరవై గొర్రెలను మేపింది. ఇప్పుడు ఆ ప్లేట్లను చూడ్డానికి కార్లలో జనం వస్తారు. గుట్టెక్కి నిలబడి, "అబ్బ, సముద్రం లాగుంది!" అంటారు. ఆ మాట వినీ వినీ అక్కకు సముద్రం మీద మనసు పోయింది.

"ఆరేండ్లుగా నేను కడుగుతాండేది సముద్రమంట నేత్రా. అసలుది ఎట్లుంటాదో చూడకుండానే పోతే ఎట్ల?" అని నాతో ఎన్నిసార్లు అన్నదో లెక్క లేదు.

ఆమె మొగుడు మల్లేశప్ప. నాకు బావ వరస. "సముద్రమే కావాలంటే మద్రాసులో లేదా?" అని ఆయన ఒకసారి అడ్డుపడబోయాడు.

"పెండ్లైన ఏడాది మద్రాసు చూపిస్తానంటివి. నలభై ఏండ్లైపాయ. నువ్వు మద్రాసు చూపించే లోపల నేను వియత్నాం పొయ్యొస్తాలే" అంది అక్క. బావ తువాలు దులుపుకుని బయటికి నడిచాడు.

ఇంతలో ఈ నందీశ్ దిగాడు. అక్క తమ్ముడి కొడుకు. నాగలమడికలో మొబైల్ అంగడి పెట్టుకున్నాడు. ఎవరూ పిలవకుండానే వచ్చి, పద్దెనిమిది జాగ్రత్తలు కాగితం మీద రాసుకొచ్చి చదివాడు. పద్దెనిమిదోది ముగిసేసరికి రామలక్ష్మమ్మ లేచి నిలబడింది.

"నేను రాలేనక్కా. ఇంట్లోకి పిల్లి దూరితేనే కేకలు పెట్టేదాన్ని. దొంగొస్తే యాడ సచ్చేది?" అంది. ఆమె పక్కనున్న ఇద్దరు కూడా తలలు దించుకున్నారు.

భాగీరథక్క ముఖం వాడిపోయింది. మంద చెదిరినప్పుడు కూడా ఆమె అలా అయిపోవడం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే తిట్టడం అలవాటు కాబట్టి నందీశ్‌ను నాలుగు తిట్లు తిట్టాను.

"ఉండు నేత్రా" అని అక్క నన్ను ఆపింది. "రేయ్ నందీశా, దొంగలు ఎట్ల చేస్తారో నీకు బాగా తెలిసినట్టుండాది. అయితే నువ్వే దొంగవి కా. వచ్చే శనివారం మేం పదిమందిమీ పావగడ పోతాం. బస్సు దిగినప్పట్నుంచి మళ్లా బస్సు ఎక్కేదాకా మాలో ఒక్కరి దగ్గర ఒక్క వస్తువు కొట్టేస్తే చాలు, ఎవరూ వియత్నాం పోము. కొట్టలేకపోతే నువ్వు నోరు మూసుకొని మమ్మల్ని బెంగళూరు ఏర్‌పోర్టులో దించాల. ఒప్పుకుంటావా?"

"ఒక్కడే దొంగ ఉండడత్తా. సుదీప్‌నీ పెట్టుకుంటా" అన్నాడు నందీశ్. సుదీప్ వాడి అంగట్లో పనిచేస్తాడు.

"పెట్టుకో. రామలక్ష్మీ, అంతవరకన్నా ఉంటావు కదా?"

పావగడ వరకైతే వస్తానంది రామలక్ష్మమ్మ.

మూడు సాయంత్రాలు అక్క మాకు నడక నేర్పింది. యాభై ఏళ్ల వయసులో నడక నేర్చుకోవడమేమిటని నవ్వినవాళ్లను మందలించి మరీ నేర్పింది. ఇద్దరిద్దరుగా జతలు కట్టాలి. సంచులు గోడ వైపు ఉండాలి. బెదిరేవాళ్లు మధ్యలో నడవాలి. ముందర తను నడుస్తుంది. వెనకాల కాపలాకు ఎవరని అడిగితే, "మందకు వెనక కుక్క ఉండాల" అని అందరూ నా వైపు చూశారు. సంఘానికి కార్యదర్శినైనందుకు దక్కిన గౌరవం ఇది. తేడా కనిపిస్తే నేను గొర్రెల్ని అదిలించినట్టు "ట్ర్‌ర్‌ర్" అనాలి. ఆ కూత వినగానే అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగి, లోపలికి తిరిగి ఒక్క ముద్దగా అయిపోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం లెక్క. కూర్చున్నా లెక్క, లేచినా లెక్క. భుజాలు తాకుతూ జతలుగా లెక్కపెట్టాలి. "దొడ్డి వాకిట్లో లెక్క సరిపోకుంటే కాపరి అన్నం ముట్టకూడదు" అంది అక్క.

శనివారం పావగడ సంగతి తెలిసిందే కదా. శనిమహాత్ముడి గుడికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. వీధి నిండా పూలు, నల్లనువ్వులు, టెంకాయలు, తోపులాట. దొంగకు అంతకన్నా ఏం కావాలి? బస్సు దిగి వంద అడుగులు నడిచామో లేదో సుదీప్ బైకు నడుపుతుంటే వెనక నందీశ్ చేయి చాచుకుని దూసుకొచ్చాడు. చాచిన చేతికి ఏమీ దొరకలేదు. సంచులన్నీ గోడ వైపే ఉన్నాయి. చేయి చాచిన ఊపుకు బైకు వంకరపోయి పూలబండికి తగిలింది. ఆ పూలామె కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి తిట్టింది. నాకంటే బాగా తిట్టింది, ఒప్పుకోవాలి.

రెండోసారి గుడి దగ్గర. సుదీప్ మజ్జిగ ప్యాకెట్టుతో ఎదురొచ్చి, తూలినట్టు తూలి, మాలో అందరికన్నా చిన్నదైన చైత్ర చీర మీద పోశాడు. "అయ్యో, సారీ అక్కా" అని చేతిగుడ్డ తీశాడు. నేను కూత పెట్టాను. మిగతా తొమ్మిది మందిమీ చైత్ర చుట్టూ ముద్దగా మూగాం. వీధిలో జనం గొర్రెలెక్కడ అని వెతుక్కున్నారు. సుదీప్ బయట చేతిగుడ్డ పట్టుకుని నిలబడిపోయాడు. అక్క మధ్యలోంచి చేయి చాచి ఆ గుడ్డ అందుకుని, చైత్ర చీర తుడిచి, గుడ్డను తన బొడ్లో దోపుకుంది. అంటే ఆ రోజు మొదట కొట్టేసింది మేమే.

దర్శనమైంది. మాకు ధైర్యమొచ్చింది. ధైర్యమొస్తే నోళ్లు లేస్తాయి. ముచ్చట్లాడుతూ తిరిగి బస్టాండుకు చేరాం. బస్సు దగ్గర జతలు చెదిరాయి. ఎవరి సీటు వాళ్లు పట్టుకునే తొందర. సరిగ్గా అప్పుడే తలకు హెల్మెట్ పెట్టుకున్నవాడొకడు వచ్చి అక్క చేతిలోని సంచిని పట్టి లాగాడు. నేను వెనకాల టెంకాయ చిప్ప కొరుకుతున్నాను. నోరు నిండా టెంకాయ పెట్టుకుని ఎవరూ కూత పెట్టలేరు.

కేక వేసింది రామలక్ష్మమ్మ. పిల్లికి భయపడే రామలక్ష్మమ్మ! ఇది పందెమన్న సంగతే మరిచిపోయింది. వాడి చొక్కా రెండు చేతులతో పట్టుకుని, "దొంగ! దొంగ! పట్టుకోండప్పా!" అని బస్టాండు అదిరిపోయేలా అరిచింది. క్షణంలో ఇరవైమంది మూగారు. హెల్మెట్ మీద రెండు పడ్డాయి.

"నేను దొంగను కాదప్పా! అత్తా, చెప్పు! మామా, నువ్వన్నా చెప్పు మామా!" అని నందీశ్ టీ అంగడి వైపు చేతులూపాడు.

టీ అంగడి వెనకనుంచి తలకు తువాలు చుట్టుకున్న మనిషి బయటికొచ్చాడు. మా మల్లేశప్ప బావ! పొద్దున మోకాళ్ల నొప్పని మంచం దిగనివాడు జనాన్ని తోసుకుంటూ వచ్చి నందీశ్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇడిసిపెట్టండప్పా. వాడు దొంగ కాదు. చేయించింది నేను. ఏమన్నా అనేదుంటే నన్ననండి" అన్నాడు.

జనానికి ఏమీ అర్థం కాలేదు. దొంగను మేమే ఒడిలో బిడ్డలా బస్సెక్కించుకోవడం చూసి తిట్టుకుంటూ వెళ్లిపోయారు. నందీశ్ చేతిలో సంచి పట్టీ తెగి మిగిలింది. సంచి అక్క చేతిలోనే ఉంది. పట్టీ వస్తువు కిందికి వస్తుందా రాదా అని వాడు వాదించబోతే రామలక్ష్మమ్మ ఒక్క చూపు చూసింది. ఆమె ఇంకా వాడి చొక్కా వదల్లేదు.

బస్సు కదిలింది. అక్క బావ పక్కన కూర్చుంది. నేను వెనక సీట్లో ఉన్నాను. వినకూడదనుకున్నాను గానీ, విన్నాను.

"ఆ వీడియోలు కూడా నువ్వేనా?" అంది అక్క.

"వారం దినాలు వాని అంగట్లో కూకోని ఏరించినా" అన్నాడు బావ.

"నేను యాడో తప్పిపోతాననా?"

"నువ్వు తప్పిపొయ్యేదానివి కాదు." బావ తువాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "గొర్రెలు పాయ. చేను ప్లేట్ల కిందికి పాయ. పొద్దు మునిగితే నా వాకిట్లోకి వచ్చేది నువ్వొక్కదానివే. ఐదు దినాలు ఎవరి కోసరం చూడాల?"

"ఆ మాట నోటితో చెప్పకూడదా? దొంగల్ని పిలిపిస్తారా ఎవరన్నా?"

"నేను వద్దంటే నువ్వు నిలిచిపోతావు. బతికినన్నాళ్లూ నన్ను అంటావు. దొంగల వల్ల నిలిచిపోతే నా మీదికి రాదు కదా."

అక్క ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, సుదీప్ చేతిగుడ్డతో. బావ మీద అంతవరకు నాకున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి ఎవరినీ తిట్టలేదు.

బయలుదేరిన రోజు మా జాగ్రత్తల వంతు వచ్చింది. టెంపో దగ్గర నిలబడి అక్క బావకు చెబుతూనే ఉంది. గ్యాసు ఆర్పినాక ఒకటికి రెండుసార్లు చూడాలి. పక్కింటి నారప్ప వచ్చి కబుర్లు మొదలుపెడితే పొయ్యి మీద అన్నం సంగతి మరిచిపోకూడదు. మజ్జిగ కుండ మీద రాయి పెట్టాలి. ఫోనులో ఎవరైనా నంబరు అడిగితే చెప్పకూడదు. బీడీ మంచం మీద తాగకూడదు. నేను ఇరవై ఒకటి వరకు లెక్కపెట్టి వదిలేశాను.

"వియత్నాంలో కూడా ఇన్ని గండాలు లేవు కదే" అన్నాడు బావ.

టెంపో నడిపింది నందీశ్. దారి పొడవునా దొంగల మాట ఎత్తలేదు.

వియత్నాంలో మాకు ఒక్క దొంగా తగల్లేదు. రెండో రోజు మాత్రం ఒకామె ఏదో అరుస్తూ వెంటపడింది. నేను కూత పెట్టాను. నడివీధిలో పదిమందిమీ ముద్దగా మూగాం. ఆమె పాపం మా చుట్టూ రెండుసార్లు తిరిగి, చోటు దొరికినచోట చేయి దూర్చి, తన అంగట్లో మరిచిపోయి వచ్చిన గొడుగును రామలక్ష్మమ్మ చేతికిచ్చింది. మేం సిగ్గుపడి, అందరం ఆమె అంగడికి తిరిగివెళ్లి తలా ఒక టోపీ కొన్నాం.

మూడో రోజు సాయంత్రం సముద్రం చూశాం. భాగీరథక్క చెప్పులు విడిచి నీళ్ల అంచున నిలబడింది.   తరవాత ఆమె వెనక్కి తిరిగి మా భుజాలు తాకుతూ లెక్కపెట్టింది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. చివరి జతలో నేనూ తనూ. పది.

"చైత్రా, మీ మామకు ఫోను చెయ్యి" అంది.

తెర మీద ముందు బావ నుదురు కనిపించింది, తరవాత చెవి, చాలాసేపటికి ముఖం. అక్క ఆ ముఖాన్ని వేలితో తాకింది.

"పదకొండు. లెక్క సరిపాయ. తిన్నావా?"

"తిన్నా. నారప్ప వచ్చినాడు, కొంచెం మాడింది. ఎట్లుండాది సముద్రం? మన ప్లేట్ల మాదిరే ఉండాదా?"

అక్క ఫోనును నీళ్ల వైపు తిప్పి పట్టుకుంది.

"యాడ మాదిరి! ప్లేట్లు కదుల్తాయా? ఇది ఒక్క నిమిషం నిలబడదు చూడు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతా, తోసుకుంటా, మన వైపే వస్తాండాది. అచ్చం మన మంద మాదిరి ఉండాదప్పా."

 అలలు వచ్చి అక్క కాళ్లను తడిపి వెళ్తున్నాయి. ఫోను కట్ అయిందేమో అని చైత్ర తొంగి చూసింది. కట్ కాలేదు. బావ ఫోనును ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు.

"అంత మందను ఒక్కదానివే ఎట్ల కాస్తావు?" అన్నాడు చివరికి. "పాస్‌పోర్టుకు ఏమేం కాగితాలు కావాలో రేపు నందీశ్‌ను అడుగుతా."